బ్యాంకుల పేరుతో వచ్చే ఫిషింగ్ ఈ-మెయిళ్ళు

బ్యాంకు లేదా మరొక నమ్మకమైన సంస్థ పంపినట్లుగా భ్రమింపజేసే ఈ-మెయిలు ద్వారా ఖాతాదారుని పాస్‌వర్డు, కార్డు సంఖ్య, ఓటీపీ వంటి రహస్య వివరాలను రాబట్టి, వాటి సహాయంతో సొమ్ము కాజేయడాన్ని ఫిషింగ్ అంటారు. ఇందులో మోసగాడు సాధారణంగా బ్యాంకు కంప్యూటర్లను ఛేదించడు. ఖాతాదారుడే తన చేతులతో తాళంచెవి అప్పగించేలా చేస్తాడు. అందువలన ఈ మోసం కంప్యూటరు పరిజ్ఞానం లేనివారికే పరిమితం కాలేదు. సాఫ్ట్‌వేరు పరిశ్రమకు కేంద్రమైన హైదరాబాదు హైటెక్ సిటీ, సైబరాబాదు ప్రాంతాలలో కూడా దీని బారిన పడినవారు ఉన్నారు. హైదరాబాదులో ఒక సహకార బ్యాంకే 2022లో ఈ విధంగా 12 కోట్ల రూపాయలకు పైగా కోల్పోయింది.

పేరు, పుట్టుక

ఆంగ్లంలో చేపలు పట్టడం అనే అర్థమిచ్చే మాట నుండి ఈ పేరు వచ్చింది. గాలానికి ఎర గుచ్చి నీటిలో వేసినట్లే, మోసగాడు వేలాదిమందికి ఒకే ఉత్తరం పంపి, ఎవరో ఒకరు చిక్కుతారని కాచుకుని ఉంటాడు. అయితే ఆంగ్ల వర్ణక్రమంలో మొదటి అక్షరం 'ఎఫ్' కు బదులు 'పీ, హెచ్' అనే రెండు అక్షరాలు వాడతారు. టెలిఫోను వ్యవస్థలను మోసగించి ఉచితంగా మాట్లాడుకునే 'ఫ్రీకర్ల' పేరులోని ఈ రెండక్షరాలను అనుకరించడమే ఇందుకు కారణమని చెబుతారు.

1990ల మధ్యకాలంలో అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ సంస్థ సభ్యులకు, తాము ఆ సంస్థ ఉద్యోగులమని చెప్పుకుంటూ కొందరు సందేశాలు పంపి పాస్‌వర్డులు అడిగేవారు. ఈ పేరు వాడుకలోకి వచ్చింది ఆ రోజులలోనే. ఇంటర్నెట్ బ్యాంకింగ్ వ్యాపించిన తరువాత, 2000 దశకంలో, మోసగాళ్ళ దృష్టి బ్యాంకు ఖాతాల వైపు మళ్ళింది.

భారతదేశంలో

భారతదేశంలో ఫిషింగ్ గురించి న్యాయస్థానం విస్తృతంగా చర్చించిన తొలి సందర్భాలలో 2005 నాటి నాస్కామ్ వ్యాజ్యం ఒకటి. సాఫ్ట్‌వేరు సంస్థల సంఘమైన నాస్కామ్ పేరుతో కొందరు ఈ-మెయిళ్ళు పంపి, ఉద్యోగార్థుల వ్యక్తిగత వివరాలు సేకరించారు. అప్పటికి ఫిషింగ్‌ను పేరు పెట్టి నిషేధించే చట్టం ఏదీ లేదు. అయినా ఢిల్లీ హైకోర్టు దీనిని చట్టవిరుద్ధమైన చర్యగా పరిగణించింది. ప్రతివాదులు 16 లక్షల రూపాయలు చెల్లించడానికి ఒప్పుకోవడంతో ఆ వ్యాజ్యం రాజీపై ముగిసింది.

కంప్యూటరు భద్రతా సంఘటనలను పరిశీలించే జాతీయ సంస్థ 'సెర్ట్-ఇన్' 2004 జనవరిలో పని ప్రారంభించింది. ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు కార్డు మీద కనిపించే వివరాలకు తోడు మరొక ధ్రువీకరణ కూడా ఉండాలని భారతీయ రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుండి నిర్బంధం చేసింది. నేడు అందరికీ పరిచితమైన ఓటీపీ ఈ మార్గంలోనే సర్వసాధారణమైంది. దానితో కేవలం కార్డు సంఖ్య దొంగిలించినవారికి పని కష్టమైంది. ఫలితంగా మోసగాళ్ళు ఓటీపీని కూడా బాధితుని నుండే రాబట్టే పద్ధతులను కనిపెట్టారు.

సైబరాబాదుతో సంబంధం

మాధాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అక్కడి నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపుగా విస్తరించిన ఐటీ ప్రాంతం రెండు కారణాల వలన మోసగాళ్ళను ఆకర్షిస్తుంది. మొదటిది, నెలనెలా జీతం జమయ్యే ఖాతాలు, క్రెడిట్ కార్డులు ఇక్కడ ఎక్కువ. రెండవది, ఉద్యోగులకు రోజూ వచ్చే ఈ-మెయిళ్ళ సంఖ్య ఎక్కువ. జీతం ఖాతాకు కేవైసీ పూర్తి చేయండి, ఆదాయపు పన్ను వాపసు కోసం ఖాతా సంఖ్య సరిచూడండి వంటి ఉత్తరాలు నిజమైన కార్యాలయ ఉత్తరాల నడుమ కలిసిపోతాయి.

ఈ ప్రాంతం మోసానికి గురైన చోటు మాత్రమే కాదు. 2025 మార్చిలో పేపాల్ సంస్థ ప్రతినిధులమని చెప్పి అమెరికా వాసులను మోసగిస్తున్నారనే ఆరోపణపై హైటెక్ సిటీలోని ఒక కాల్ సెంటరుపై పోలీసులు దాడి చేసి 60 మందికి పైగా వ్యక్తులను అరెస్టు చేశారు.

మరోవైపు, రక్షణకు పనిచేసే సంస్థలు కూడా ఈ నగరంలోనే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

• బ్యాంకింగ్ సాంకేతికాభివృద్ధి, పరిశోధన సంస్థ: ఐడీఆర్‌బీటీ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధం. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఈ సంస్థ మాసబ్ ట్యాంకు వద్ద ఉన్నది.
• సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్: సైబరాబాదు పోలీసులు, ఐటీ సంస్థలు కలిసి 2006లో ఏర్పరచుకున్న సంఘం.
• తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో: సైబరు నేరాల కోసమే రాష్ట్ర పోలీసు శాఖలో 2023లో ఏర్పడిన ప్రత్యేక విభాగం.
• సీ-డాక్ హైదరాబాదు కేంద్రం: సమాచార భద్రతపై ప్రజలకు, విద్యార్థులకు అవగాహన కల్పించే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలో ప్రధాన పాత్ర వహిస్తున్నది.

పనిచేసే విధానం

ఫిషింగ్ సాధారణంగా ఈ క్రింది దశలలో జరుగుతుంది.

1. మోసగాడు బ్యాంకు పేరును పోలిన ఒక వెబ్ చిరునామాను కొనుగోలు చేస్తాడు, లేదా సరైన రక్షణ లేని మరెవరి వెబ్‌సైటులోనో చొరబడతాడు.
2. బ్యాంకు లాగిన్ పేజీని, గుర్తుతో సహా, యథాతథంగా అక్కడ నకలు చేస్తాడు.
3. 'మీ ఖాతా 24 గంటలలో స్తంభింపజేయబడుతుంది' వంటి ఈ-మెయిలును, ఆ పేజీకి లింకుతో వేలాదిమందికి పంపుతాడు.
4. నమ్మినవారు ఆ పేజీలో యూజర్ పేరు, పాస్‌వర్డు రాయగానే, ఆ వివరాలు అదే క్షణంలో మోసగానికి చేరతాయి. అతడు వాటితో అసలు బ్యాంకు వెబ్‌సైటులోకి ప్రవేశిస్తాడు.
5. అసలు బ్యాంకు ఖాతాదారుని ఫోనుకు ఓటీపీ పంపుతుంది. నకిలీ పేజీ దానిని కూడా అడుగుతుంది. ఖాతాదారుడు రాయగానే లావాదేవీ పూర్తవుతుంది.
6. సొమ్ము మొదట 'మ్యూల్ ఖాతా' అనే అద్దె ఖాతాలోకి, అక్కడి నుండి మరికొన్ని ఖాతాలలోకి వెళ్ళి, చివరకు ఏటీఎంల ద్వారానో ఇతర మార్గాలలోనో బయటకు పోతుంది.

ఐదవ దశను గమనిస్తే, ఓటీపీ ఉన్నది కాబట్టి భయం లేదనే భావన సరికాదని తెలుస్తుంది. ఓటీపీ నిజమైన బ్యాంకు నుండే వస్తుంది. దానిని రాసే చోటు మాత్రమే నకిలీ.

గుర్తించడం

ఒకప్పుడు అచ్చుతప్పులు, వింత భాష ఫిషింగ్ ఉత్తరాలకు ముఖ్య లక్షణాలు. కృత్రిమ మేధ సాధనాలు అందుబాటులోకి వచ్చాక తప్పులు లేని ఉత్తరం, తెలుగులో సైతం, ఎవరైనా తయారు చేయగలరు. గుర్తు, రంగులు, సంతకం కూడా నకలు చేయవచ్చు. కనుక ఉత్తరం ఎలా కనిపిస్తున్నది అనేదానికంటే, అది ఎక్కడికి తీసుకుపోతున్నది, ఏమి అడుగుతున్నది అనే రెండు విషయాలు పరిశీలించాలి.

పంపినవారి చిరునామా: ఫోనులలోని ఈ-మెయిలు అనువర్తనాలు తరచు పంపినవారి పేరు మాత్రమే చూపుతాయి. ఆ పేరు ఎవరైనా తమకు నచ్చినట్లు పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కి అసలు చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాత ఉన్న భాగాన్ని చూడాలి. పెద్ద ఈ-మెయిలు సంస్థలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పద్ధతులతో చిరునామాను పరీక్షిస్తాయి. కానీ ఉత్తరం ఆ చిరునామా నుండే వచ్చిందా అని మాత్రమే ఈ పరీక్షలు చెబుతాయి. ఆ చిరునామా బ్యాంకుదా కాదా అని చెప్పవు.

లింకు: వెబ్ చిరునామాలో మొదటి ఏటవాలు గీత వరకు ఉన్న భాగాన్ని కుడి నుండి ఎడమకు చదవాలి. ఉదాహరణకు 'ఫలానా.బ్యాంక్.ఇన్' అనే చిరునామా బ్యాంకుది అనుకుందాం. 'ఫలానా.బ్యాంక్.ఇన్.వెరిఫై.కామ్' అనే చిరునామాలో అదే పేరు ఉన్నా, దాని యజమాని 'వెరిఫై.కామ్' కొనుక్కున్న వ్యక్తి. 'మాధాపూర్ టిఫిన్ సెంటర్, విజయవాడ' అని బోర్డు ఉంటే ఆ దుకాణం విజయవాడలో ఉన్నట్లే గాని మాధాపూర్‌లో ఉన్నట్లు కాదు. వెబ్ చిరునామాలోనూ చివర ఉన్నదే అసలు చోటు.

పోలిక అక్షరాలు: ఆంగ్లంలో 'ఆర్', 'ఎన్' అనే చిన్న అక్షరాలను పక్కపక్కన రాస్తే 'ఎమ్' లాగా కనిపిస్తాయి. 'ఎల్' కు బదులు 1, 'ఓ' కు బదులు సున్నా వాడడం కూడా సాధారణం.

తాళం గుర్తు: చిరునామా పక్కన తాళం ఉంటే అది నిజమైన బ్యాంకే అనే నమ్మకం పొరపాటు. వెబ్‌సైటుతో జరిగే సంభాషణను మధ్యలో మరొకరు చదవలేరని మాత్రమే దాని అర్థం. అటువంటి ధ్రువపత్రం మోసగానికి కూడా ఉచితంగా లభిస్తుంది. ఈ అపోహ కారణంగానే గూగుల్ సంస్థ 2023లో క్రోమ్ బ్రౌజరు నుండి తాళం గుర్తును తొలగించింది.

జతపరచిన ఫైలు: బ్యాంకులు నెలవారీ స్టేట్‌మెంటును పాస్‌వర్డుతో కూడిన పీడీఎఫ్ రూపంలో పంపడం మన దేశంలో అలవాటు. దీనిని అనుకరిస్తూ మోసగాళ్ళు హెచ్‌టీఎంఎల్ ఫైలును పంపుతారు. దానిని తెరిస్తే బ్యాంకు లాగిన్ పేజీ కనిపిస్తుంది. స్టేట్‌మెంటు తెరవడానికి నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు అడిగితే అది మోసమే.

అడిగే విషయం: పాస్‌వర్డు, పిన్, ఓటీపీ, కార్డు వెనుక ఉండే 3 అంకెల సంఖ్య, వీటిని ఏ బ్యాంకూ ఈ-మెయిలులో అడగదు. రిజర్వు బ్యాంకు సామాన్య ప్రజల ఖాతాలు నిర్వహించదు కనుక, ఖాతా వివరాలు కోరుతూ ఆ పేరుతో వచ్చే ఉత్తరాలు నకిలీవి.

తొందర: భయం గాని ఆశ గాని కలిగించి, గడువు విధించడం ఈ ఉత్తరాలన్నింటికీ ఉమ్మడి లక్షణం. ఆలోచించే వ్యవధి ఇస్తే మోసం బయటపడుతుంది కనుక గడువే మోసగాని ప్రధాన ఆయుధం.

మహేశ్ బ్యాంకు ఉదంతం

ఫిషింగ్ ఈ-మెయిళ్ళు ఖాతాదారులకే వస్తాయనుకోవడం సరికాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఏ.పీ. మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం ఇందుకు ఉదాహరణ. పోలీసుల దర్యాప్తు ప్రకారం, 2021 నవంబరులో ఈ బ్యాంకు ఉద్యోగులకు 200లకు పైగా ఫిషింగ్ ఈ-మెయిళ్ళు వచ్చాయి. వాటిని ఇద్దరు ఉద్యోగులు తెరిచారు. దానితో దూరం నుండి కంప్యూటరును నడిపించగల దొంగ ప్రోగ్రాము బ్యాంకు వ్యవస్థలో ప్రవేశించింది.

ఆ తరువాత సుమారు రెండు నెలలపాటు పైకి ఏమీ జరగలేదు. 2022 జనవరిలో దుండగులు బ్యాంకు వ్యవస్థను తమ అదుపులోకి తీసుకుని, కొన్ని ఖాతాలలోని నిలువలను పెంచి, 12.48 కోట్ల రూపాయలను బయటి ఖాతాలకు తరలించారు. ఈ సొమ్ము మొదట 115 ఖాతాలకు, అక్కడి నుండి మరో 398 ఖాతాలకు చేరింది. దేశంలోని వివిధ ప్రాంతాలలో 938 ఏటీఎంల నుండి నగదు తీశారని పోలీసులు ప్రకటించారు. 20 మందికి పైగా నిందితులను అరెస్టు చేశారు. వీరిలో ఎక్కువమంది కమిషన్ కోసం తమ ఖాతాలను ఇచ్చినవారు, వారిని కూడగట్టినవారు. సైబరు భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

200 ఉత్తరాలలో ఫలించినవి రెండు మాత్రమే. మోసగానికి ఆ రెండు చాలు. ఒక సంస్థలో ఎంతమంది జాగ్రత్తపరులు ఉన్నారనేది కాక, ఒక్కరు పొరబడినప్పుడు మిగిలిన వ్యవస్థ ఆ పొరపాటును ఆపగలదా అనేది ముఖ్యమని ఈ ఉదంతం తెలుపుతుంది.

డాట్ బ్యాంక్ డాట్ ఇన్

బ్యాంకుల నిజమైన వెబ్‌సైటులను సులువుగా గుర్తించడానికి రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో 'బ్యాంక్.ఇన్' అనే ప్రత్యేక చిరునామాను ప్రకటించింది. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ ఈ చిరునామాకు మారాలని ఆదేశించింది. ఉదాహరణకు భారతీయ స్టేట్ బ్యాంకు చిరునామా 'ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్'. ఈ చిరునామాలను నమోదు చేసే ఏకైక అధికారం హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకి అప్పగించారు. '.కామ్' చిరునామాను ఎవరైనా కొనవచ్చు గాని, 'బ్యాంక్.ఇన్' చిరునామా బ్యాంకులకు మాత్రమే లభిస్తుంది.

అయితే ఈ మార్పు చుక్కలను జాగ్రత్తగా చదివేవారికి మాత్రమే రక్షణ. చుక్కకు బదులు అడ్డగీత పెట్టి, చివర '.కామ్' చేర్చిన చిరునామా తొందరలో చూసేవారికి ఒకేలా కనిపిస్తుంది.

తీసుకోవలసిన జాగ్రత్తలు

• బ్యాంకు పేరుతో వచ్చిన ఈ-మెయిలులోని లింకును వాడరాదు. బ్యాంకు చిరునామాను స్వయంగా టైపు చేయాలి, లేదా బ్యాంకు అనువర్తనాన్ని తెరవాలి. హెచ్చరిక నిజమైనదైతే అది అక్కడ కూడా కనిపిస్తుంది.
• ఉత్తరంలో ఇచ్చిన ఫోను నంబరుకు కాక, కార్డు వెనుక లేదా పాస్‌బుక్‌పై ముద్రించిన నంబరుకు ఫోను చేయాలి. ఇంటర్నెట్‌లో వెదికితే దొరికే 'కస్టమర్ కేర్' నంబర్లలో కూడా నకిలీవి ఉంటాయి.
• ఓటీపీ వచ్చినప్పుడు ఆ సందేశాన్ని పూర్తిగా చదవాలి. ఎంత సొమ్ము, ఎవరికి అనే వివరాలు అందులోనే ఉంటాయి.
• పాస్‌వర్డు మేనేజరును వాడితే, అది నకిలీ చిరునామాలో పాస్‌వర్డును తనంతట తాను నింపదు. కన్ను గుర్తించలేని తేడాను ఇది గుర్తిస్తుంది.
• ఈ-మెయిలు ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఈ-మెయిలు చేజారితే ఇతర పాస్‌వర్డులను మార్చడం మోసగానికి సులభం.
• కమిషన్ ఆశతో తమ ఖాతాను, ఏటీఎం కార్డును ఇతరులకు ఇవ్వరాదు. మోసపు సొమ్ము ఆ ఖాతాలోకి వస్తే ఖాతాదారుడు కూడా నిందితుడవుతాడు. విద్యార్థులు, ఉద్యోగం వెదుక్కుంటున్నవారు ఈ విషయంలో ప్రత్యేకించి జాగ్రత్త వహించాలి.

మోసపోయినప్పుడు

సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుతూ ఉండే మొదటి గంటలే కీలకం. సిగ్గుపడి దాచడం, మరునాడు చూద్దామనుకోవడం వలన సొమ్ము తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

1. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. దేశమంతటా పనిచేసే ఈ సహాయ కేంద్రం 2021లో మొదట 155260 నంబరుతో ప్రారంభమైనది. ఫిర్యాదు అందగానే, సొమ్ము ఏ బ్యాంకుకు చేరిందో గుర్తించి అక్కడ నిలిపివేయడానికి ప్రయత్నిస్తారు.
2. బ్యాంకుకు తెలిపి ఖాతాను, కార్డును నిలిపివేయించాలి. ఫిర్యాదు సంఖ్యను, సమయాన్ని రాసి ఉంచుకోవాలి.
3. 2019లో ప్రారంభమైన జాతీయ సైబరు నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. దగ్గరలోని పోలీసు స్టేషనులో కూడా ఫిర్యాదు చేయవచ్చు.
4. వేరొక ఫోను లేదా కంప్యూటరు నుండి పాస్‌వర్డులు మార్చాలి.
5. ఆ ఈ-మెయిలును చెరిపివేయరాదు. దర్యాప్తుకు అదే ఆధారం.

నష్టం ఎవరు భరించాలి

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీ చేసిన ఉత్తర్వు ఖాతాదారుని బాధ్యతకు హద్దులు నిర్ణయించింది. దాని సారాంశం:

• తప్పు బ్యాంకుదైతే ఖాతాదారునికి నష్టం లేదు.
• తప్పు బ్యాంకుదీ ఖాతాదారునిదీ కాక, వ్యవస్థలో మరెక్కడో ఉంటే, బ్యాంకు నుండి సమాచారం అందిన 3 పనిదినాలలో తెలిపినవారికి నష్టం లేదు. 4 నుండి 7 పనిదినాలలో తెలిపితే సాధారణ పొదుపు ఖాతాలకు బాధ్యత 10,000 రూపాయలకు మించదు. ఆ తరువాత బ్యాంకు విధానాన్ని అనుసరించి ఉంటుంది.
• ఖాతాదారుడు పాస్‌వర్డు, ఓటీపీ వంటివి ఇతరులకు తెలియజేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టమంతా అతనిదే. తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది.

ఫిషింగ్ బాధితులకు తరచు ఎదురయ్యేది ఈ మూడవ నియమమే. నకిలీ పేజీలో ఓటీపీ రాయడాన్ని బ్యాంకులు ఖాతాదారుని నిర్లక్ష్యంగా వాదిస్తాయి. అయితే ఖాతాదారుని బాధ్యతను నిరూపించవలసిన భారం బ్యాంకుపైనే ఉన్నదని అదే ఉత్తర్వు చెబుతున్నది. బ్యాంకు కూడా తగిన జాగ్రత్త తీసుకున్నదా అనే ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. అబుదాబిలో ఉద్యోగం చేస్తున్న ఒక ప్రవాస భారతీయుడు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు పేరుతో వచ్చిన ఈ-మెయిలుకు స్పందించి 6 లక్షల రూపాయలకు పైగా కోల్పోయాడు. తప్పు ఖాతాదారునిదేనని బ్యాంకు వాదించింది. తమిళనాడు న్యాయనిర్ణయాధికారి 2010లో ఈ వాదనను తిరస్కరించి, 12 లక్షల రూపాయలకు పైగా చెల్లించవలసిందిగా బ్యాంకును ఆదేశించారు.

బ్యాంకు 30 రోజులలో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

చట్టం

సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. 2009 అక్టోబరు 27 నుండి అమలైన సవరణ ద్వారా ఈ సెక్షన్లు చేరాయి:

• 66-సీ: ఇతరుల పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం వంటి గుర్తింపులను దుర్వినియోగం చేయడం.
• 66-డీ: కంప్యూటరు లేదా ఫోను ద్వారా మరొకరిగా నటించి మోసగించడం.

ఈ రెండింటికీ 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318 (మోసం), 319 (మరొకరిగా నటించి మోసగించడం) సెక్షన్లు కూడా వర్తిస్తాయి.

ఇతర రూపాలు

• స్పియర్ ఫిషింగ్: ఒక వ్యక్తి పేరు, ఉద్యోగం వంటి వివరాలు ముందే సేకరించి, అతని కోసమే తయారు చేసిన ఉత్తరం.
• స్మిషింగ్: ఎస్ఎంఎస్ లేదా వాట్సాప్ ద్వారా వచ్చేది. రివార్డు పాయింట్లు, ట్రాఫిక్ చలానా వంటి పేర్లతో ఏపీకే ఫైలును పంపడం ఇందులో ఒక పద్ధతి. అది ఫోనులో చేరితే ఓటీపీ సందేశాలను మోసగానికి చేరవేయగలదు.
• విషింగ్: ఫోను సంభాషణ ద్వారా చేసేది.
• క్విషింగ్: క్యూఆర్ కోడ్ ద్వారా నకిలీ పేజీకి మళ్ళించేది.

ఇవి కూడా చూడండి

• హైటెక్ సిటీ
• సైబరాబాదు
• భారతీయ రిజర్వు బ్యాంకు
• సమాచార సాంకేతిక చట్టం, 2000
• ఇంటర్నెట్ బ్యాంకింగ్